మొదటి రొట్టె

దూలం మీద వాలిన పావురం ఒకటా రెండా అన్నది రామేశ్వరమ్మకు ఇంకా తేలలేదు. రెండే అయితే ఒకటి మెడ తిప్పినప్పుడే రెండోది కూడా మెడ ఎందుకు తిప్పాలి, ఒకటి ఎడమ రెక్క కింద ముక్కుతో గోక్కుంటే రెండోదానికి కూడా సరిగ్గా అప్పుడే, సరిగ్గా అక్కడే దురద ఎందుకు పుట్టాలి, కవల పిల్లలైనా ఇంత పొందికగా ఉండరు కదా అనుకుంటూ ఆమె పైకి చూస్తోంది. కర్నూల్లో ఆ ఆసుపత్రి వరండా చల్లగా ఉంది. బండలు పరిచిన నేల, తొలి వానకు తడిసిన సున్నపు గోడ వాసన, పక్కన ఎవరో చంటిబిడ్డను జోకొడుతున్న చప్పుడు. కుడికన్ను మూసుకుంటే ఒక పావురం. ఎడమకన్ను మూసుకుంటే ఒక పావురం, కాకపోతే కాస్త పక్కకు జరిగిన పావురం. రెండు కళ్ళూ తెరిస్తే రెండు. అంటే ఏ కన్ను పావురాన్ని ఆ కన్నే తెచ్చుకుంటోందన్నమాట, రెండూ కలిపి ఒకటి చేసుకోవాల్సిన చోట ఏదో పేచీ వచ్చి వాటాలు పంచుకున్నాయన్నమాట, అన్నదమ్ముల్లాగా. ఆ ఆలోచనకు ఆమెకు నవ్వొచ్చింది. ఈమధ్య నవ్వితే మూతి ఒక పక్కకు పోతోంది, అందుకని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

తల కింద ఉన్నది వదిన ఓబులమ్మ తొడ. పడుకొమ్మన్నది కూడా ఆవిడే. పెద్దవాళ్ళ ముందుకు పోయేటప్పుడు మొహం కడుక్కుని, తల దువ్వుకుని, ఒళ్ళు తెరిపిన పడ్డాకే పోవాలన్నది ఓబులమ్మ పట్టు. తాసిల్దారైనా డాక్టరైనా ఆవిడకు ఒకటే, ఎదుట నిలబడ్డ మనిషి వాడిపోయి కనబడితే ఇంటికి మాట వస్తుంది. అందుకే నిన్న కోసిగిలో రైలెక్కిన దగ్గర్నుంచి, గుంతకల్లులోనూ డోనులోనూ బండి మారేటప్పుడు తప్ప, మరదల్ని కాలు కింద పెట్టనివ్వలేదు. సత్రంలో తన చీర మడిచి తలకింద పెట్టింది, తను వట్టి నేల మీద పడుకుంది. పొద్దున మాత్రం సత్రం నుంచి ఇక్కడిదాకా నడవక తప్పలేదు. రాజధాని వచ్చాక ఈ ఊళ్ళో జట్కాలన్నీ గుడారాల్లో పెట్టిన కచేరీలకు పోయే కోస్తా గుమాస్తాల పాలయ్యాయి, పల్లెటూరి ఆడవాళ్ళు చేయెత్తితే ఆగే జట్కా లేదు. ఆ నడక తిన్న సత్తువంతా తిరిగి కక్కించాలని ఇప్పుడీ పడక, ఈ విసనకర్ర, మధ్యమధ్య తడిచేత్తో నుదురు తుడవడం. ఆకుపచ్చ తెర వేలాడుతున్న ఆ గదిలోకి, కొత్తగా వచ్చిందన్న డాక్టరమ్మ జ్ఞానమణి ముందుకి, తన మరదలు కడిగిన ముత్యంలా నడిచి వెళ్ళాలి. చిన్నతనంలోనే మొగుడు పోయి పుట్టింటికి తిరిగొచ్చి, తమ్ముడి ఇంట్లో పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చున్న మనిషి ఓబులమ్మ. ఆవిడ ప్రేమకు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో ఎవరివల్లా కాలేదు.

తమ్ముడు బసవన్న, అంటే రామేశ్వరమ్మ మొగుడు, రాలేదు. నాలుగు చినుకులు పడ్డాయి, రేగడి మెత్తబడింది, ఇప్పుడు గుంటక తోలకపోతే మళ్ళీ ఏడాదికే. రైలు కదిలేటప్పుడు కిటికీ పట్టుకుని ఏదో అనబోయి అనకుండానే ఆగిపోయాడు. అనాల్సింది అంతకు ముందే మామ తిమ్మయ్య అనేశాడు, ఇంటి అరుగు మీద కూర్చుని, కోడలికి వినబడేటట్టు, గోడతో చెప్తున్నట్టు: "ఇదే కడపటి తూరి. ఈసారి గూడా డాక్టర్లు ఏమీ ల్యాదంటే, కొండమింది దేవళంలో ఇడిసిపెట్టి వద్దాం. తడిగుడ్డలతో మండలం దినాలు గుడి సుట్టూ తిరిగితే పట్టిందేదో అదే దిగిపోతాది." ఆయన చెడ్డవాడు కాదు, కోడలు బాగుపడాలనే అన్నాడు. కానీ రామేశ్వరమ్మకు ఆ కొండ తెలుసు. పెళ్ళికి ముందు ఒకసారి పోయింది. తడిగుడ్డలతో తిరిగేవాళ్ళను చూసింది, పడిపోతే లేపి మళ్ళీ నడిపించేవాళ్ళను కూడా చూసింది. ఊరి వీధి చివరిదాకా పోయేసరికే మోకాళ్ళు వంగిపోతున్న మనిషిని ఆ రాళ్ళ మీద తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా తిప్పితే దిగిపోయేది పట్టింది కాదు, ప్రాణం. ఆమెకు ఆ సంగతి ఒంట్లో తెలుసు, మాటల్లో చెప్పడం చేతకాలేదు. 

ఎప్పుడు మొదలైంది ఇది? డాక్టర్లు అందరూ అడిగే మొదటి మాట అదే, ఆమెకు మాత్రం మొదలంటే గుర్తొచ్చేది ఆదోని పత్తి బేరగాడు. పోయిన ఏడాది ఒక సందేళ వచ్చాడు, అరుగు మీద మామ పక్కన కూర్చున్నాడు, తను చెంబుతో నీళ్ళు తెచ్చింది, చెంబు అందించబోతుంటే ఎడమకంటి రెప్ప తనంతట తను వాలింది. లేపింది. మళ్ళీ వాలింది. పాపం ఆ బేరగాడు చెంబు అందుకోవడం మరిచిపోయాడు, తలపాగా సర్దుకున్నాడు, అప్పటిదాకా తూకంలో తరుగు తీస్తానని పేచీ పెట్టినవాడు పత్తి బాగుందనేశాడు, మర్నాడు పనేమీ లేకపోయినా అత్తరు పూసుకుని మళ్ళీ వచ్చాడు. వదిన రెక్క పట్టుకుని లోపలికి ఈడ్చింది. "ఏమ్మే, కన్ను కొడ్తాండావా?" అద్దం తెచ్చి చూసుకుంటే ఎడమకన్ను వాకిలికి సగం దించిన చాపలా ఉంది, లోపల గుడ్డు మాత్రం ఏ పాపమూ ఎరగనట్టు చూస్తోంది. పొద్దునకు మామూలే. సాయంత్రానికి మళ్ళీ వాలేది. ఊళ్ళో ఆడవాళ్ళు బావి దగ్గర మూతులు ముడుచుకున్నారు, మామ అతిథులు వస్తే కోడల్ని బయటికి రావద్దన్నాడు. తన కన్ను తన మాట వినకుండా ఎవరినో పిలుస్తోందన్న సిగ్గుతో ఆమె ఏడ్చింది కూడా, కానీ ఏడుస్తూనే అద్దంలో చూసుకుంది, ఏడిస్తే రెప్ప ఇంకా కిందికి వస్తుందా రాదా అని.

వచ్చింది. ఏడ్చినా వస్తుంది, నవ్వినా వస్తుంది, పొద్దు వాలితే వస్తుంది. తర్వాత తర్వాత ఒక్కొక్కటిగా ఎన్ని వింతలు. నెలవంకలు రెండు, పక్కపక్కన, ఆవు కొమ్ముల్లా. పొలం నుంచి వచ్చే మొగుళ్ళు ఇద్దరు, ఇద్దరి భుజానా చెర్నాకోలే, ఎవరికి నీళ్ళివ్వాలో తెలియక నడిమధ్య చెంబు చాచితే బసవన్న దాన్ని ఆటనుకుని నవ్వాడు. సంగటి ముద్ద మింగేయొచ్చు కాబట్టి దిగుతుంది, జొన్నరొట్టె నమలాలి కాబట్టి సగంలోనే దవడ మొరాయిస్తుంది, చేత్తో గడ్డం పట్టుకుని నమిలిన రోజులున్నాయి. పాపకు కథ చెప్తుంటే రాజుగారు వేటకు పోయేదాకా గొంతు బాగుంటుంది, పులి వచ్చేసరికి మాట ముక్కులోకి పోతుంది. "అమ్మా, పులికి జలుబు సేసిందా?" అని అడిగింది పాప. నాలుగేళ్ళ పిల్ల, దానికి తల్లి కన్ను ఒక తలుపు, సాయంత్రం ఒళ్ళో కూర్చుని బొటనవేలితో రెప్ప పైకెత్తి లోపలికి తొంగి చూసి, "ఉండావా?" అంటుంది. ఉండానే తల్లీ, యాడికి పోతా. పోయిన నెలలో ఒకరోజు తాగిన నీళ్ళు ముక్కులోంచి వచ్చి ఊపిరాడక కొట్టుకుంది. అప్పుడు మాత్రం పాప రెప్ప ఎత్తలేదు, గోడకు అంటుకుపోయి నిలబడింది. ఆ నిలబడ్డ పిల్ల కళ్ళే ఆమెను మళ్ళీ ఈ ఊరికి లాక్కొచ్చాయి.

ఈ ఊరు కొత్త కాదు. అంతకు ముందు ఆదోని వైద్యుడు నాడి పట్టుకుని వేడి అన్నాడు, లేహ్యం ఇచ్చాడు. దర్గా దగ్గర తాయెత్తు కట్టారు, అది ఇంకా జబ్బకే ఉంది. చలికాలంలో కర్నూలు బజారులో సొంతంగా ఆసుపత్రి పెట్టుకున్న ఒక కోస్తా డాక్టరు దగ్గరికి తెచ్చారు. కుర్రవాడు, తెల్లగా, ఎప్పుడూ నవ్వు మొహం. "ఏమిటమ్మా బాధ?" అన్నాడు. "కన్ను పడతాండాది సారూ" అంది తను. "ఎవరి కన్నమ్మా?" "నాదే సారూ." "నీ కన్ను నీకే పడిందా!" అని ఆయన నవ్వాడు, కాంపౌండరు నవ్వాడు, బయట కూర్చున్నవాళ్ళు నవ్వారు, దిష్టికి తన దగ్గర మందు లేదు కానీ ఒంటికి ఉందన్నాడు. కన్ను పడటం అంటే దిష్టి తగలడమని ఆయనకు అర్థమైంది, తను చెప్పింది రెప్ప కిందికి పడటం. అదేం విడ్డూరమో, ఉన్నది ఒక్క కన్ను, అది ఊరివాళ్ళకు కొడుతోంది, కోస్తావాళ్ళకు పడుతోంది, తనకు మాత్రం మూసుకుపోతోంది. చిన్న రబ్బరు సుత్తితో మోకాలి కింద కొట్టాడు. కాలు ఎగిరింది. ఆ సంగతి మాత్రం ఆమెకు భలే నచ్చింది, తనను అడక్కుండా తన కాలు తనంతట తను ఎగరడం. ఇంటికొచ్చాక చెంచాతో ఎన్నిసార్లు కొట్టుకుందో. చేయి నొక్కమన్నాడు, నొక్కింది, అబ్బా అన్నాడు. "గుర్రంలా ఉన్నావు. ఏమీ లేదు, పో" అన్నాడు. ఎర్రటి టానిక్కు ఇచ్చాడు. రైలెక్కి ఊరు చేరి ఇంటి గడప తొక్కేసరికి ఆ గుర్రం తల నిలబెట్టలేక చేత్తో పట్టుకుని ఉంది.

అప్పటి నుంచే లోపల ఒక పురుగు తొలుస్తోంది. నిజంగానే ఏమీ లేదేమో. చదువుకున్నవాళ్ళు లేదంటుంటే ఉందనడానికి తనెవరు? పొద్దున లేవగానే నిండు బిందె ఎత్తి చంకన పెట్టుకునేది తనే, సాయంత్రం చెంబు ఎత్తలేనిది తనే, ఇద్దరిలో ఎవరు దొంగ? పని తప్పించుకోవాలని ఒళ్ళే తనకు తెలియకుండా నాటకమాడుతోందా? నాటకమైతే మరి పాప ముందు కూడా ఎందుకు ఆడుతుంది, నీళ్ళు ముక్కులోంచి రావడం ఏ మేళంవాళ్ళు నేర్పారు? ఒక్కోసారి ఆమెకు జబ్బు నయం కావాలని కూడా ఉండదు, దాని పేరు తెలిస్తే చాలనిపిస్తుంది. పేరుంటే అది ఉన్నట్టు, తను అబద్ధం కానట్టు. దయ్యానికైనా పేరుంటుంది, దిగేటప్పుడు అడిగితే చెబుతుంది. తన ఒంట్లో ఉన్నదానికి పేరే లేదు.

ఓబులమ్మ విసనకర్ర చేయి మార్చుకుంది. వరస కాస్త ముందుకు జరిగింది, నందికొట్కూరు నుంచి వచ్చామని ఇందాక చెప్పిన దగ్గుల ముసలమ్మ లోపలికి పోవడానికి ఇంకా ముగ్గురో నలుగురో ఉన్నారు, ఆ తర్వాత తను. రామేశ్వరమ్మ మళ్ళీ దూలం వైపు చూసింది. పావురం ఒక్కటే ఉంది. రెండోది ఎగిరిపోయిందేమో అనుకుంది మొదట. చప్పుడు కాలేదే. రెక్కల గాలి తగల్లేదే. కుడికన్ను మూసి చూసింది, అదే పావురం. ఎడమకన్ను మూసి చూసింది, అదే పావురం, అదే చోట. అన్నదమ్ములు కలిసిపోయారు. ఎప్పుడు కలిశారు? తనేం చేసింది? ఏమీ చేయలేదు. పడుకుంది, అంతే. చేతులు పైకెత్తి చూసుకుంది, దూదిలా లేచాయి. నోట్లో నాలుక చురుగ్గా తిరుగుతోంది, ఇప్పుడు చెబితే పులి కూడా పులిలాగే గాండ్రిస్తుంది. ఇంకాసేపట్లో ఆ ఆకుపచ్చ తెర పక్కకు తొలగుతుంది, తను కడిగిన ముత్యంలా నడిచి పోతుంది, డాక్టరమ్మ చేయి నొక్కమంటుంది, తను నొక్కుతుంది, ఏమీ లేదు పొమ్మంటుంది.

అప్పుడు, ఎక్కడో లోపల, పెనం వాసన వచ్చింది. కాలిన జొన్నపిండి వాసన, తెల్లవారుజామున వంటింట్లో పొగ, పలక మీద పిండి చల్లి తను రొట్టె తడుతోంది, పొయ్యి దగ్గర వదిన అందుకుని కాలుస్తోంది. పొలానికి పోయేవాళ్ళందరికీ రొట్టెలు. మొదటి రొట్టె చేతికింద చక్రంలా తిరిగేది, అంచు పలచగా, ఎక్కడా చీలిక లేకుండా, రెండు చేతుల మీద లేపి అందిస్తే వదిన కళ్ళు మెరిసేవి. ఊళ్ళో రామేశ్వరమ్మంత గుండ్రంగా తట్టేవాళ్ళు లేరు. పోయిన ఏడాది నుంచి, మొదటి రొట్టె అంతే గుండ్రం. తర్వాతిదీ బాగానే ఉంటుంది. ఆ తర్వాత అంచులు మందమవుతాయి. ఆ తర్వాత భుజాల మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. కడపటి రొట్టెలు పలక మీంచి లేపుతుంటేనే విరిగిపోతాయి, వదిన మాట్లాడకుండా ముక్కలు అందుకుంటుంది, తడి వేళ్ళతో అతుకు వేస్తుంది. తను గోడకు ఆనుకుని కాసేపు కళ్ళు మూసుకుని మళ్ళీ పీట మీదికి వస్తే? మళ్ళీ గుండ్రం. కళ్ళు మూసుకున్నంతసేపు కూర్చుంటే చాలు, మళ్ళీ మొదటి రొట్టె. రామేశ్వరమ్మకు ఒళ్ళంతా జల్లుమంది. ఆదోని వైద్యుడు మధ్యాహ్నం దాకా చాప మీద కూర్చోబెట్టి తర్వాత నాడి చూశాడు. కోస్తా డాక్టరు దగ్గర బల్ల మీద ఎంతసేపు పడుకుంది. వాళ్ళెవరూ తప్పు చెప్పలేదు. వాళ్ళకు కనబడినదాంట్లో ఏమీ లేదు. వాళ్ళు చూసింది మొదటి రొట్టె. వదిన ప్రేమకొద్దీ, మొహం తుడిచి, విసిరి, ఒళ్ళో పడుకోబెట్టి, ప్రతిసారీ తనను మొదటి రొట్టెగా చేసి డాక్టరుకు అందిస్తోంది.

ఆమె లేచి కూర్చుంది. "పండుకో మే, ఇంగా మనకంటే ముందర మంది ఉండారు" అంది ఓబులమ్మ. "అందుకే వదినా, లేస్తా" అని రామేశ్వరమ్మ నిలబడింది. తల పైకెత్తి, రెప్ప వేయకుండా దూలం మీది పావురాన్నే చూస్తూ, రెండు చేతులూ ముందుకు చాచి గాల్లో రొట్టె తట్టడం మొదలుపెట్టింది. లేని పలక, లేని పిండి. చేతులకు ఆ తిరుగుడు ఎంత అలవాటంటే గాలి కూడా గుండ్రంగా తగిలింది.  పాలిచ్చే తల్లి బిడ్డను కొంగు కిందికి లాక్కుంది. "ఏందమ్మా, పూనకమా?" అని దగ్గు మధ్యలో ముసలమ్మ అడిగింది, భయంగా కాదు, ఏ దేవరో తెలుసుకుందామని. ఓబులమ్మ మొహం కందగడ్డ అయింది. కొంగు పట్టుకుని లాగింది.

"కూసో మే! నలుగురూ సూస్తాండారు. పిచ్చి గిట్ల పట్టిందా ఏంది నీకు? డాక్టరమ్మ సూస్తే ఏమనుకుంటాది?"

"సూడాలనే వదినా." చేతులు ఆపకుండానే చెప్పింది, మాటలు ఆపితే గొంతు కూడా మొదటి రొట్టె అయిపోతుందని ఆపకుండా చెప్పింది. "వాళ్ళంతా నా మొదటి రొట్టెనే సూస్తాండారు. నువ్వు నన్ను పండబెట్టి పండబెట్టి మంచిదాన్ని సేసి లోపలికి పంపుతాండావు. కడపటి రొట్టె సూసింది నువ్వొక్కదానివే. ఇరిగిన ముక్కలు మామ కంట్లో పడకుండ దినామూ నువ్వే తింటివి గదా వదినా. ఆ ముక్కలు సూడాల డాక్టరమ్మ."

ఓబులమ్మ చేతిలో కొంగు జారింది. విరిగిన ముక్కలు తను తింటున్న సంగతి మరదలికి తెలుసునని ఆవిడకు ఇప్పటిదాకా తెలియదు. ఏడాదిగా గుండ్రటివన్నీ ఇంట్లోవాళ్ళకు పెట్టి, ముక్కలు పొయ్యి పక్కన పళ్ళెంలో దాచి, అందరూ పోయాక మజ్జిగలో నానేసుకుని తింటోంది. నీ పెండ్లానికి రొట్టె కూడా చేతకాదా అని తమ్ముడిని ఎవరూ అనకుండా.  వరండా అంతా ఒకసారి కలియజూసింది, ఎవరైనా నవ్వుతున్నారేమో అని, నవ్వితే వాళ్ళ సంగతి చూద్దామని. తర్వాత నేల మీద పరిచిన చీర మడిచి చంకన పెట్టుకుని, మరదలి పక్కనే కావలి నిలబడింది. "అయితే నిలబడి రొట్టె కొట్టు మే. కొట్టు. నేను సూసుకుంటా ఈళ్ళ సంగతి" అంది.

కొట్టింది. పావురాన్ని చూస్తూ రొట్టె మీద రొట్టె కొట్టింది. ఎంత వింత, ఇన్నాళ్ళూ రాకూడదని మొక్కుకున్నదాన్ని ఇప్పుడు రమ్మని పిలుస్తోంది, వస్తుందో రాదో అని ఆత్రం, చుట్టాన్ని ఎదురుచూసినట్టు. మొదట ఏమీ లేదు. దొంగది, అవసరమైనప్పుడు రాదు. తర్వాత పావురం అంచు కాస్త చెదిరింది. ఉంది, ఉంది, అక్కడే ఉంది. పావురంలోంచి ఇంకో పావురం మెల్లగా బయటికి జరిగింది. భుజాల మీదికి ఆ ఎప్పుడూ కూర్చునే మనిషి ఎక్కి కూర్చున్నాడు. మెడ వెనక బరువు. ఎడమ రెప్ప అంచు నల్లటి గీతలా దృష్టికి అడ్డం దిగింది. ఆయా తెర తీసి పేరు పిలిచేసరికి రామేశ్వరమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది, లోపలికి నడుస్తుంటే గడపలు రెండు కనబడ్డాయి, ఏది నిజమో ఎంచుకోకుండానే దాటింది. ఇద్దరు డాక్టరమ్మలు, ఇద్దరికీ తెల్లచీరలే, ఇద్దరూ తల ఎత్తి చూశారు.

"ఏమ్మా, ఏం బాధ?" నంద్యాల వైపు యాస. రామేశ్వరమ్మకు ప్రాణం లేచొచ్చింది. "కన్ను పడతాండాది" అంది, మాట ముక్కులోంచి వచ్చింది. ఎవరి కన్నని డాక్టరమ్మ అడగలేదు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుని, "నా వేలు సూడు, పైకి, ఇంగా పైకి, రెప్ప ఎయ్యొద్దు" అంది. రెండు వేళ్ళు. చూస్తూ ఉండగా ఎడమకన్ను పూర్తిగా మూసుకుపోయింది, కుడిది సగానికి దిగింది. చేతులు చాచి పట్టుకోమంది, మెల్లగా వాలిపోయాయి. "పొద్దున ఎట్లుంటాది?" "పొద్దున బాగుంటాదమ్మా" అని ఓబులమ్మే అందుకుంది, "పొద్దున బాగుంటాది, పండుకుంటే బాగుంటాది, నేనే పండబెడ్తి, నాకు తెల్వక నేనే పండబెడ్తి" అని నుదురు కొట్టుకుంది. డాక్టరమ్మ ఆ రెప్పను వేలితో పైకెత్తి, వదిలి చూసింది. మద్రాసులో చదువుకునేటప్పుడు ఇలాంటిది ఒకే ఒక్క మనిషిలో చూశానని తనలో తను చెప్పుకున్నట్టు అని, నర్సును పిలిచి, ఆపరేషన్ల గదిలో ఉండే ఏదో సూదిమందు తెమ్మని ఇంగ్లీషులో చెప్పింది.

సూది పెద్దగా నొప్పెట్టలేదు. బల్ల మీద కూర్చోబెట్టారు. "పండుకోవద్దు, ఊరికే కూసో, ఏమైతాదో నాకు సెప్పు" అంది డాక్టరమ్మ, తనూ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని ఆ కంటినే చూస్తోంది. ఎవరైనా తనను ఇంత శ్రద్ధగా చూసి ఎన్నాళ్ళయిందో. ఏమవుతుంది? పొట్టలో ఏదో గుడగుడమంది. నోట్లో నీళ్ళూరాయి. అదేనా? అదే అయితే దీనికింత దూరం రావాలా? మూసుకున్న రెప్ప వెనక ఎర్రటి చీకటి, ఆ చీకట్లో పాప నిలబడి ఉంది గోడకు అంటుకుని. నీ బొటనవేలు ఉంటే బాగుండే తల్లీ. చీకటి అడుగున సన్నటి తెల్లగీత వచ్చింది. ఎవరూ ఎత్తలేదు, పాప ఇక్కడ లేదు, అయినా గీత వెడల్పవుతోంది, తెల్లచీర అంచు, చేతులు, డాక్టరమ్మ మొహం, ఇంకో మొహం, రెండూ ఒకదాని మీదికి ఒకటి మెల్లగా జరిగి సరిగ్గా కూర్చున్నాయి. ఒక్క మనిషి. ముక్కు పక్కన చిన్న పుట్టుమచ్చ కూడా ఉంది. పక్కన ఒక్క వదిన, నోరు తెరుచుకుని, రెండు చేతులూ చెంపలకు ఆనించుకుని.

"లేసింది" అంది ఓబులమ్మ. "మే, లేసింది! రెప్ప లేసింది!"

దానికేదో పొడుగాటి పేరు చెప్పింది డాక్టరమ్మ. మయస్తీనియా. రామేశ్వరమ్మ ఇంకోసారి చెప్పించుకుంది, తను ఒకసారి అని చూసుకుంది, ఏదో ఊరి దేవత పేరులా ఉంది. పూర్తిగా పోయే రోగం కాదట. ఈ సూదిమందు బలం కాసేపటికి దిగిపోతుందట, మాత్రలు వేళ తప్పకుండా వేసుకోవాలట, పని మధ్యలో ఆగి కూర్చోవాలట, నీళ్ళు ముక్కులోకి వచ్చినా ఊపిరి అందకపోయినా ఆ రోజే రావాలట. కొన్నాళ్ళు ఇక్కడే ఉంచుకుని చూస్తానంది. "నరం కేకేస్తాదమ్మా, కండకు ఇనపడదు. మొదట రెండు మూడు కేకలు ఇంటాది, తరువాత ఇనపడదు. కాసేపు ఊరుకుంటే మళ్ళ ఇంటాది." మామతో తనే మాట్లాడతానంది, కొండ మీద తిప్పితే మనిషి దక్కదని గట్టిగా చెప్తానంది. రామేశ్వరమ్మ అన్నీ విన్నది, కానీ అడగాల్సింది ఒకటే మిగిలింది, అడగడానికి భయం వేసింది, అయినా అడిగింది. "అయితే ఇది... నేను సేస్తాండేది కాదా అమ్మా? నాటకం కాదా?"

"నాటకమాడే కన్ను సూదిమందుకు లేయదమ్మా" అంది డాక్టరమ్మ.

రామేశ్వరమ్మ ఏడ్చింది. ఏడిస్తే రెప్ప దిగుతుందేమోనని అలవాటుకొద్దీ గమనించుకుంది, దిగలేదు. డాక్టరమ్మ ఆమె భుజం తట్టి, "ఏదీ, బయట ఏమో సేస్తాంటివంట, ఆయా సెప్పింది. ఇప్పుడు సెయ్యి సూద్దాం" అంది. కొంగుతో మొహం తుడుచుకుని ఆమె చేతులు చాచింది. గాల్లో పిండి చల్లింది, ముద్ద పెట్టింది, అరచేయి తిప్పింది. తిరుగుతోంది, చక్రంలా తిరుగుతోంది. ఒకటయ్యాక ఒకటి, ఆపకుండా, భుజాల మీద ఎవరూ కూర్చోలేదు, చేతులు ఎప్పుడో పోయిన ఏడాదికి ముందు చేతుల్లా ఉన్నాయి. తట్టి, అలవాటుగా రెండు చేతుల మీద లేపి పక్కకు అందించింది. పక్కన నిలబడ్డ ఓబులమ్మ, ఎక్కడుందో మరిచిపోయి, రెండు చేతులూ చాచి ఆ గాలి రొట్టెను జాగ్రత్తగా అందుకుంది.

"ఇరిగిందా వదినా?"

ఓబులమ్మ తన ఖాళీ అరచేతుల వైపు చాలాసేపు చూసింది. అంచు మొత్తం వేలితో తడిమినట్టు చూసింది.

"యాడా ఇరగల్యా, మే" అంది. "ఇంగొకటి ఇయ్యి."